పద్నాలుగో కొళాయి

ఉత్తర కెన్యాలో, ఎండిన ఏటి ఒడ్డున
కాందిశీకుల రేకుల ఇళ్ల వరుస ముగిసేచోట
పద్నాలుగో కొళాయి.
నీళ్లు ఆరింటికి వదుల్తారు, ఎనిమిదిన్నరకి కట్టేస్తారు.
మనుషులకంటే ముందు డబ్బాలొచ్చి నిలబడతాయి,
నూనె వాసన ఇంకా వదలనివి,
పిడి విరిగితే చీర పీలికలాంటిదేదో చుట్టినవి.

"కథా కథా" అంది ఊబా, వరుసలో నిలబడి.
"పట్టు కథ" అని ఎవరో ఒకరు బదులివ్వాలి.
సోమాలీలో అది తలుపు తట్టడం.
లోపల్నుంచి పలక్కపోతే
కథ గుమ్మంలోనే నిలబడిపోతుంది.

వెనకున్నది ఆతెం. వాడిది డింకా.
పట్టంటే ఏమిటో వాడికి తెలీదు.
వచ్చీరాని స్వాహిలీలో అడిగాడు,
"అందులో సింహం ఉందా?"

వాళ్ల కథల్లో మనుషులు సింహాలవుతారు,
చితక్కొడితే గాని మళ్లీ మనుషులు కారు.
ఊబా కథల్లో నక్కలు, తప్పిపోయిన ఒంటెలు.
పిల్ల కాసేపు గోరు కొరికింది.
"ఉంది. పట్టు సింహం."

అంతే, మొదలైంది.

మపెండో వాళ్లది కాంగో.
అక్కడ కథ మధ్యలో ఆగి పాడుతుంది,
వినేవాళ్లు అందుకోకపోతే అడుగు ముందుకెయ్యదు.
సింహం నోరు తెరిచిన చోట మపెండో పాటెత్తుకుంది.
పాట సాగినంతసేపూ సింహం తినకూడదట.
ఈ నియమం కాంగోలో లేదు, సోమాలియాలో లేదు,
ఆ పొద్దున ఆరూ ఇరవైకి పుట్టింది.
ఇరవైమంది గొంతు చించుకుని
ఒక ఒంటెని బతికించారు.

ఆతెం మేనత్త అబుక్ ఊరుకుంటుందా,
"పగలు కథలు చెబితే దారి తప్పిపోతారు!"
దారి తప్పడానికి ఇంకేం మిగిలిందని
ఎవరూ అనలేదు, పెద్దావిడ.
పిల్లలు కళ్లు మూసుకున్నారు.
రాత్రయింది.
ముందువాళ్ల భుజం మీద చెయ్యేసి
చీకట్లో డబ్బాలు జరుపుకుంటూ నడిచారు.

కొళాయి దగ్గరున్నవాడొక్కడే కళ్లు తెరవాలి.
వాడు చంద్రుడు.
డబ్బా నిండగానే "నిండింది" అంటాడు,
మాట ఎక్కడుంటే అక్కడ కథ చేతులు మారుతుంది.
ఊబా మొదలెట్టిన వాక్యానికి క్రియాపదం ఆతెం దగ్గర దొరుకుతుంది,
ఒక్కోసారి దొరకదు.

"ఇది మనదీ కాదు, వాళ్లదీ కాదు,
సింహానికి పట్టుబట్టలేమిటి, ఒంటె పాడ్డమేమిటి"
అని వర్సమె తాత వారం రోజులు సణిగాడు.
ఎనిమిదోరోజు, కళ్లు మూసుకునే,
"ఆ సింహానికి ఎడమకాలు కుంటని చెప్పండి.
లేకపోతే ఎవడూ నమ్మడు" అన్నాడు.
అప్పట్నుంచి కుంటుతూనే ఉంది.

కథ కంచికి, మనం ఇంటికి.
నాకు తెలిసిన ముగింపు ఇదొక్కటే.
ఇక్కడ అది పనికిరాదు, రెండోసగం దగ్గర నోరు తడబడుతుంది.
వాళ్ల ముగింపు కొళాయే చెబుతుంది.
ఎనిమిదిన్నరకి రెండుసార్లు దగ్గుతుంది,
గాలి, తుప్పు, ఒక చుక్క.
అందరూ కళ్లు తెరుస్తారు.
ఎవరి డబ్బా ఖాళీగా మిగిలిందో
మిగతా కథ వాళ్లది.
నీళ్లు లేనివాళ్లు దాన్ని పట్టుకెళ్తారు,
రేపు వాళ్లే ముందు.

నిన్న ఒక కొత్త పిల్లొచ్చింది, బురుండీ నుంచి.
ఏ మాటా తెలీక, బిక్కుబిక్కుమంటూ
తెరిచిన కళ్లతో నిలబడింది.
మపెండో తమ్ముడు, ఆరేళ్లవాడు,
దాని రెప్పల మీద తడిచేయి పెట్టి మూశాడు.
"మూసుకోవాలి" అన్నాడు పెద్దమనిషిలా,
"తాతల కాలం నుంచీ ఇంతే."

పధ్నాలుగు నెలలు.